పొరుగింట్లో ప్రయాణం

హైదరాబాదు చూసి రావడానికి రెండు రోజులు చాలు. ఆ రెండు రోజులు ఎలా గడపాలో తేల్చుకోవడానికి మాత్రం వేసవి సెలవులు మొత్తం చాలవని నాగదుర్గకు ఆ ఏడాదే తెలిసింది. వెంట తీసుకెళ్లాల్సింది పదహారేళ్ల చెల్లెలైతే బ్రహ్మదేవుడు దిగివచ్చినా ఏమీ తేలదని ఇంకాస్త ఆలస్యంగా తెలిసింది.

నాగదుర్గకు అప్పుడే డీఎస్సీలో టీచరు ఉద్యోగం వచ్చింది. పాలకొల్లు పక్కన కొబ్బరితోటల మధ్య పుట్టి పెరిగిన పిల్లకు పోస్టింగు ఎక్కడ పడిందయ్యా అంటే, పోలవరం వెళ్లి, అక్కణ్ణుంచి గోదారి మీద లాంచీ ఎక్కి, దిగాక మళ్లీ నడిచి వెళ్లాల్సిన కొండ ఊళ్లో. అక్కడే గది తీసుకుని ఉండాలి. ఆదివారం ఆదివారం ఇంటికొచ్చి పోవడం కుదిరే పని కాదు. బడులు తెరిచేనాటికి వెళ్లి చేరాలి. చేరేలోపు చెల్లెలు హేమశ్రీకి హైదరాబాదు చూపించాలి. ఇదీ ఆమె పట్టుదల. ఇప్పుడు కాకపోతే మళ్లీ ఎప్పటికి కుదురుతుందో ఆమెకే తెలియదు.

ఈ హైదరాబాదు మాట ఈనాటిది కాదు. అక్కాచెల్లెళ్లకు ఎనిమిదేళ్ల తేడా. అమ్మ రత్నమాణిక్యం గేదెలతోనూ పొయ్యితోనూ సతమతమవుతుంటే చెల్లెల్ని చంకనేసుకుని తిరిగింది నాగదుర్గే. చేదు మందు మింగనని హేమ మొండికేస్తే "మింగితే హైదరాబాదు తీసుకెళ్తా" అనేది. చెవులు కుట్టించుకోనని కొబ్బరికాయల రాశి వెనక దాక్కుంటే హైదరాబాదు. ఎక్కాలు రాకపోతే హైదరాబాదు. ఉరుములకు భయపడి దుప్పట్లో దూరితే హైదరాబాదు. తాను కూడా ఏనాడూ చూడని ఆ మహానగరాన్ని నాగదుర్గ ఏళ్ల తరబడి చెల్లెలికి తాయిలంలా పెడుతూ వచ్చింది. చివరికి టెన్త్ పరీక్షల ముందు, "ఫస్ట్ క్లాసు తెచ్చుకో, ఈసారి నిజంగానే తీసుకెళ్తా" అంది. హేమ తెచ్చుకుంది.

"ఈ హైదరాబాదు ఒక్కటీ అయిపోయిందనుకో, ఇంక నాకు ఏ బెంగా ఉండదమ్మా. హాయిగా వెళ్లి ఉద్యోగంలో చేరిపోతాను," అని ఒక పొద్దున వంటింట్లో అమ్మతో అంది నాగదుర్గ. పక్కనే బెండకాయలు తరుగుతున్న హేమ తలెత్తి చూసింది. చూసి, మళ్లీ బెండకాయల్లో పడింది. ఆ చూపును నాగదుర్గ పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే ఈ కథ ఇంత పొడుగు సాగేది కాదు.

నాన్న చంద్రరావు పాలకొల్లు బస్టాండులో హైదరాబాదు గైడు పుస్తకం కొనుక్కొచ్చాడు. అక్కాచెల్లెళ్లిద్దరూ వీధరుగు మీద దాన్ని తెరుచుకుని కూర్చున్నారు.

"ముందు చార్మినార్ చూద్దాం," అంది నాగదుర్గ.

"వద్దు. గైడులో బొమ్మ ఉందిగా, చూసేశాను."

"పోనీ జూ?"

"జంతువుల్ని చూడ్డానికి హైదరాబాదు దాకా ఎందుకక్కా? నాన్న గేదెలున్నాయిగా."

"గోల్కొండ?"

"మెట్లుంటాయి."

"మరేం చూస్తావే?"

"నీ ఇష్టం."

"నా ఇష్టమైతే చార్మినార్."

"చార్మినార్ వద్దన్నానా!"

నాగదుర్గ గైడు మూసేసి లోపలికి వెళ్లిపోయింది. రేపు బడిలో నలభై మంది పిల్లల్ని అదుపులో పెట్టాల్సిన టీచరు ఒక్క చెల్లెలి దగ్గర ఓడిపోయిందని ఆమెకు కాస్త చిన్నతనంగానే అనిపించింది.

మర్నాడు పొద్దున్నే హేమ కొత్త పాట అందుకుంది. "హైదరాబాదెందుకక్కా, వైజాగ్ వెళ్దాం. సముద్రం ఉంటుంది."

"సముద్రం మనకి పేరుపాలెంలోనే ఉంది కదే."

"అది మన సముద్రం."

మన సముద్రానికీ పరాయి సముద్రానికీ తేడా ఏమిటో నాగదుర్గకు బోధపడలేదు. అయినా సరే, పిల్ల మనసు పడింది కదా అని పాలకొల్లు వెళ్లి వైజాగ్ బళ్ల సంగతి కనుక్కొచ్చింది. ఆ సాయంత్రానికి హేమ మనసు మద్రాసు చేరుకుంది. మద్రాసులో ఎవరున్నారే అంటే ఎవరూ లేరు కాబట్టే అంది. ఇంకో రెండు రోజులకి మళ్లీ హైదరాబాదుకే వచ్చింది కానీ, రైలు వద్దు బస్సయితే వస్తానంది. బస్సు పడదు కదే నీకు, కడుపులో తిప్పుద్ది కదా అంటే అందుకే ఇంకో నెలాగి వెళ్దాం అంది. నెలాగితే నేనిక్కడ ఉండను కదే అంటే లేచి వెళ్లి గేదెకు కుడితి పెట్టింది. అడక్కుండా ఆ పిల్ల గేదెకు కుడితి పెట్టడం అదే మొదలు.

"ఏంటే ఇది? ఊళ్లు మారుస్తున్నారా, చీరలు మారుస్తున్నారా?" అన్నాడు చంద్రరావు.

"నన్నడుగుతారేంటి నాన్నా, మీ చిన్నకూతుర్ని అడగండి," అని విసుక్కుంది నాగదుర్గ.

ఎవరినీ అడగదల్చుకోలేదు ఇంక. వెళ్లి శుక్రవారం సాయంత్రం నర్సాపురం బండికి టికెట్లు రిజర్వు చేయించుకొచ్చింది. శని, ఆదివారాలు హైదరాబాదులో. కూకట్‌పల్లిలో ఉన్న శాంతికుమార్ బాబాయి స్టేషనుకి వస్తానని ఫోనులో చెప్పాడు. ఆదివారం సాయంత్రం తిరుగు బండి. అన్నీ కుదిరాయి. ఆ టికెట్లు తెచ్చి చెల్లెలి చేతిలో పెట్టి, ఎగిరి గంతేస్తుందని ఎదురుచూసింది.

హేమ వాటిని తిప్పి తిప్పి చదివింది.

"రిటర్ను కూడా తీసేశావా?"

"మరి? అక్కడే ఉండిపోతామా ఏంటి?"

"అయితే ఆదివారం సాయంత్రానికి అయిపోద్దన్నమాట."

"ఏది?"

"ఏం లేదులే," అని టికెట్లు తిరిగి ఇచ్చేసింది.

సంతోషించాల్సిన పిల్ల పరీక్ష తప్పినట్టు మొహం పెట్టిందేమిటో నాగదుర్గకు అంతుపట్టలేదు. కొత్త బట్టలు లేవని చిన్నబోయిందేమో అనుకుని చుడీదారు కొనుక్కొచ్చింది. బాగుందంది, బీరువాలో పెట్టేసింది. అక్కతో కాకుండా స్నేహితురాళ్లతో వెళ్లాలని ఉందేమోనన్న అనుమానం వచ్చింది. ఉండబట్టలేక, హేమ పెరట్లో బట్టలుతుకుతుంటే వెళ్లి అడిగేసింది.

"నాతో రావడం ఇష్టం లేదా నీకు?"

హేమ కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది. "నీతో కాకపోతే ఇంకెవరితో వెళ్తాను?"

"అయితే ఇష్టమే కదా?"

"నీతో రావడం ఇష్టమే."

"మరింకేంటే నీ బాధ?"

"వెళ్లడమే ఇష్టం లేదు."

రావడం ఇష్టం, వెళ్లడం ఇష్టం లేదు! నాగదుర్గ తల పట్టుకుంది. పోయి అమ్మతో చెప్పుకుంటే రత్నమాణిక్యం పప్పు తిరగమోత పెడుతూ, "ఆ వయసంతేనే, నువ్వు మాత్రం తక్కువ తిన్నావా?" అంది. ఆ మాటతో ఆమె సందేహాలు తీరకపోగా కొత్తగా ఇంకొకటి పుట్టుకొచ్చింది. ఆ వయసులో తానేం చేసిందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. చెల్లెల్ని ఎత్తుకుని తిరగడం తప్ప.

ఇలా తిప్పలు పడుతుంటే బుధవారంనాడు మామ్మ రంగంలోకి దిగింది. మామ్మంటే చంద్రరావు తల్లి సంపూర్ణమ్మ. కళ్లజోడుకి ఒక కాడ విరిగిపోతే దారం కట్టుకుని, పంచాంగం మాత్రం ఏటా కొత్తది తప్పకుండా కొనిపించే మనిషి.

"శుక్రారం పడమటికి శూలే అమ్మా! హైదరాబాదు పడమరేనా కాదా? బుద్ధున్న వాళ్లెవరైనా శుక్రారం పడమటికి కదుల్తారంటే?"

"మామ్మా, రైలు నిండా జనం వెళ్తారు. వాళ్లందరికీ లేని శూల మాకొచ్చిందా?"

"వాళ్ల మామ్మలు వాళ్లకి చెప్పుండరు. నేను చెప్పాను. చెప్పాక తెలిసి వెళ్తే ఇంకా దోషం."

హేమ మొహం అప్పుడు విచ్చుకుంది. "అవునక్కా, మామ్మ చెప్పాక కూడా వెళ్తే బాగోదు. మానేద్దాం," అంది. శకునాలన్నా శూలలన్నా పకపకా నవ్వే పిల్ల అంత భక్తిగా మాట్లాడ్డం చూసి నాగదుర్గ ఇంకా అయోమయంలో పడింది.

కానీ మామ్మ మానేయమనలేదు. దేనికైనా విరుగుడు లేకపోతే ఆవిడ పంచాంగం ఎందుకు కొనిపిస్తుంది? "రేపు గురారం పొద్దున్న మంచి గడియ ఉంది. పరస్తానం పెట్టేద్దాం," అంది.

ప్రస్థానం పెట్టడమంటే ఇంతే. మనకు వీలున్న రోజు మంచిది కానప్పుడు, ముందే ఒక మంచి గడియ చూసుకుని ప్రయాణపు సంచిని తీసుకెళ్లి పొరుగింట్లో పెట్టేస్తారు. సంచి గడప దాటిందంటే మనిషి బయల్దేరినట్టే లెక్క. తర్వాత ఎప్పుడు వెళ్లినా ఏ శూలా అంటదు. నియమం ఒకటే. పెట్టిన సంచి మళ్లీ ఇంటి గడప తొక్కకూడదు. ప్రయాణం రోజున అటునుంచి అటే పట్టుకుపోవాలి, ప్రయాణం ముగించుకుని వచ్చాకే ఇంట్లోకి తేవాలి.

గురువారం పొద్దున ఇద్దరి బట్టలూ ఒకే బ్యాగులో సర్దారు. ఉద్యోగంలో చేరే రోజున కట్టుకుందామని దాచుకున్న ఆకుపచ్చ చీర కూడా, బాబాయి ఇంట్లో ఒకసారి కడదామని, నాగదుర్గ అందులోనే పెట్టింది. మామ్మ నాలుగు అక్షింతలు వేసి, వంగి లోపలికి తొంగి చూసింది.

"ఉత్త గుడ్డలేనా? గుడ్డలు ప్రయాణం చేస్తాయంటే? ప్రయాణానికి అసలైంది ఏదైనా పెట్టండి."

"అసలైందంటే ఏంటి మామ్మా?"

"టికెట్లు," అంది హేమ.

పెట్టేశారు. చదువుకున్న నాగదుర్గే తన హ్యాండుబ్యాగులోంచి టికెట్లు తీసి, ఆ బ్యాగు లోపలి జేబులో పెట్టి జిప్పు వేసింది. పక్కింటికే కదా, ఎక్కడికి పోతాయి అనుకుంది.

పడమటివైపు పొరుగిల్లు సత్యకుమారిగారిది. పిల్లలు ఆవిడని పిన్నిగారూ అంటారు. ఆవిడ బ్యాగుకు ఎదురొచ్చి, ముందుగదిలో బల్ల మీద పెట్టించుకుని, కుంకుమ బొట్టు పెట్టి మరీ పంపింది. "రేపు సాయంత్రం దాకా నాదీ పూచీ. దిగులు పడకండి," అంది. తిరిగి వస్తుంటే హేమ అడిగింది.

"మామ్మా, ఇప్పుడు మేం బయల్దేరిపోయినట్టేనా?"

"ఆయ్, బయల్దేరినట్టే."

"ఇంట్లో ఉన్నా?"

"ఇంట్లో ఉన్నా సరే, ప్రయాణంలో ఉన్నట్టే."

"భలే ఉందే," అని హేమ ఆ రోజంతా హుషారుగా తిరిగింది. అన్నం రెండుసార్లు వడ్డించుకుంది. అక్క జడ తానే వేసింది. హమ్మయ్య, దారిలో పడింది అనుకుని నాగదుర్గ ఆ పూట నిశ్చింతగా ఊపిరి పీల్చుకుంది. మళ్లీ శుక్రవారం పొద్దున్నుంచే మొహం మాడ్చుకుంది హేమ. ఎందుకని అడిగే ఓపిక అక్కకు లేదు.

శుక్రవారం మధ్యాహ్నం బాబాయి పిల్లలకు స్వీట్లు కొందామని నాగదుర్గ పాలకొల్లు వెళ్లింది. తిరిగి వచ్చేసరికి సత్యకుమారిగారి తలుపుకు బుర్రంత తాళం వేలాడుతోంది. సామర్లకోటలో ఆవిడ కూతురికి రెండో పురుడు. ఇంకా టైముందనుకుంటే నొప్పులు మొదలయ్యాయని ఫోనొచ్చిందట. మొగుడూ పెళ్లాలిద్దరూ ఉన్నపళంగా ఆటో ఎక్కి వెళ్లిపోయారట. ఈ సంగతులన్నీ హేమ చెప్పింది. గోడ దగ్గర బట్టలారేస్తుంటే చూశానంది.

"మరి మన బ్యాగే?" అంది నాగదుర్గ, తాళం పట్టుకుని లాగుతూ.

హేమ ఏదో చెప్పబోయి, "లోపలుంది," అంది.

లోపలే ఉంది. కిటికీలోంచి స్పష్టంగా కనబడుతోంది కూడా. బల్ల మీద, కుంకుమ బొట్టుతో, పెళ్లికూతురిలా బుద్ధిగా కూర్చుని ఉంది. సామర్లకోటలో వాళ్లు ఏ ఆసుపత్రిలో ఉన్నారో, ఎవరికి ఫోను చేయాలో తెలియదు. తాళం పగలగొడదామని చంద్రరావు సుత్తి తెచ్చాడు. మామ్మ అడ్డం వచ్చేసింది.

"పురిటికెళ్లిన వాళ్ల ఇంటి తాళం పగలగొడతావంట్రా! ఆ తల్లీబిడ్డా క్షేమంగా బయటపడొద్దా?"

ఆ మాటకు ఎదురుచెప్పే ధైర్యం ఎవరికుంటుంది? చంద్రరావు సుత్తి పడేసి, మామిడికాయలు కోసే దోటీ తెచ్చాడు. కిటికీ ఊచల్లోంచి ఆ పొడుగుపాటి వెదురుగడ దూర్చి, కొసనున్న కొక్కేన్ని బ్యాగు పట్టీకి తగిలించడానికి తంటాలు పడ్డాడు. ఇంకో కిటికీలోంచి చూస్తూ నాగదుర్గ, "కొంచెం ఎడంవైపు నాన్నా! అబ్బా, మీ ఎడంవైపు కాదు, నా ఎడంవైపు!" అని అరుస్తోంది. కిటికీ దాకా లాగితే చాలు, చెయ్యి పెట్టి జిప్పు తీసి టికెట్లయినా అందుకోవచ్చు. కొక్కెం తగిలింది. బ్యాగు కదిలింది. బల్ల చివరిదాకా వచ్చింది. అక్కడ ఒక్క ఊపు ఊగి, దబ్బున కింద పడి, జారి మంచం కిందికి వెళ్లిపోయింది. ఇంక దోటీ కాదు కదా, చూపు కూడా అందలేదు.

నాగదుర్గ చటుక్కున తిరిగి చెల్లెలి వంక చూసింది. ఏడుస్తుందేమోనని. హేమ ఏడవడం లేదు. పెదవి కొరుక్కుంటూ, లంగాని నడుం దగ్గర గట్టిగా పట్టుకుని నిలబడింది.

"పోనీ జనరల్ టికెట్లు తీసుకుని ఎక్కేస్తాం నాన్నా," అంది నాగదుర్గ ఆఖరి ఆశగా.

"ఆడపిల్లలు రాత్రంతా జనరల్ పెట్టెలోనా? కుదరదమ్మా," అన్నాడు చంద్రరావు.

"అయినా ప్రయాణం ఆ ఇంట్లో ఉంటే, దాన్నొదిలేసి మీరెక్కడికెళ్తారే?" అంది మామ్మ.

పొద్దు వాలుతుండగా నర్సాపురం బండి కూత తోటల మీదుగా వినిపించింది. నాగదుర్గ స్వీట్ల డబ్బా ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూలబడింది. ఇన్నేళ్ల మాట ఇంత చేరువకొచ్చి ఒక మంచం కిందికి పోయిందేమిటా అని దుఃఖం పొంగుకొచ్చింది. ఇంకో శుక్రవారం లేదు. మంగళవారం బయల్దేరి వెళ్లి బడిలో చేరాలి.

అప్పుడు ఫోను మోగింది. తీసింది నాగదుర్గే. అటుపక్క సత్యకుమారిగారు ఎస్టీడీ బూతులోంచి సంబరంగా అరుస్తోంది.

"ఆడపిల్లమ్మా! తల్లీ పిల్లా కులాసా. ఏమ్మా, ఇంకా బయల్దేరలేదా మీరు? బండి టైమైపోలేదూ? బ్యాగు తీసుకున్నారుగా?"

"తాళం వేసి ఉంది కదా పిన్నిగారూ..."

"అదేంటి! తాళంచెవి హేమ చేతిలోనే పెట్టి వచ్చాను కదమ్మా. గోడ మీంచి అందించాను. బ్యాగు తీసుకోండే, ఇల్లు జాగ్రత్త అని కూడా చెప్పాను!"

నాగదుర్గ ఫోను పెట్టేసి నేరుగా పెరట్లోకి నడిచింది. కొబ్బరికాయల రాశి వెనక, చిన్నప్పుడు చెవులు కుట్టించుకోనని దాక్కున్న చోటే, మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది హేమ. అక్క నడక చూడగానే అర్థమైపోయింది. లంగా బొందుకు కట్టుకున్న తాళంచెవి విప్పి చేతిలో పెట్టింది.

కొడదామని చెయ్యెత్తింది నాగదుర్గ. "ఎందుకే? ఎందుకు చేశావే ఇలా? నాన్న చెమటలు కారేలా దోటీ పట్టుకుని పాట్లు పడుతుంటే ఎలా చూస్తూ నిలబడ్డావే? నేనేం పాపం చేశాను నీకు?"

"మామ్మ చెప్పిందిగా, బ్యాగు పెట్టగానే బయల్దేరినట్టేనని," అంది హేమ నేల చూస్తూ. "బయల్దేరాం కదక్కా. చాలు కదా."

"చాలేంటే?"

"వెళ్తే అయిపోద్ది. ఆదివారం సాయంత్రం బండెక్కితే అయిపోద్ది. ఇంక తీసుకెళ్తాననడానికి ఏం మిగలదు. అది అయిపోతే నీకింక ఏ బెంగా ఉండదని అమ్మతో అన్నావుగా. హాయిగా వెళ్లిపోతానన్నావుగా." అక్కడిదాకా నిబ్బరంగా చెప్పి, ఒక్కసారిగా బావురుమంది. "నా మీద నీకు బెంగ ఉండొద్దా అక్కా?"

ఎత్తిన చెయ్యి ఎక్కడ దించాలో నాగదుర్గకు తెలియలేదు. బెండకాయలు తరుగుతూ తలెత్తిన ఆ చూపు ఇప్పుడు గుర్తొచ్చింది. వైజాగూ, మద్రాసూ, బస్సూ, నెలాగి వెళ్దామన్న మాటా వరసగా గుర్తొచ్చాయి. ఒక్కటి కూడా అర్థం చేసుకోలేకపోయినందుకు సిగ్గేసింది. ఈ పిల్లను తాను ఎత్తుకుని పెంచింది. అయినా చేయాల్సిన పనుల్లో ఒక పనిలా హైదరాబాదు చూపించేసి, చేతులు దులుపుకుని లాంచీ ఎక్కేద్దామనుకుంది. ఆ సంగతి చెల్లెలు ముందే కనిపెట్టేసింది. నాగదుర్గ పక్కనే కూలబడి చెల్లెల్ని దగ్గరికి లాక్కుంది. ఇద్దరూ కాసేపు ఏడ్చుకున్నారు. మామ్మ వంటింటి గుమ్మంలోంచి తొంగి చూసి, బండి తప్పినందుకు ఏడుస్తున్నారనుకుని వెనక్కి వెళ్లిపోయింది.

దీపాలవేళకు ఇద్దరూ కలిసి వెళ్లి సత్యకుమారిగారి తలుపు తీశారు. మంచం కిందికి దూరి బ్యాగు పైకి లాగారు. దుమ్ము దులిపారు. హేమ దాన్ని భుజాన వేసుకోబోయింది.

"ఎక్కడికి?" అంది నాగదుర్గ.

"ఇంటికి. ఇంకెందుకిక్కడ?"

"మళ్లీ ఇంటి గడప తొక్కకూడదని మామ్మ చెప్పలేదూ? ప్రయాణం చేసొచ్చాకే తేవాలి. అక్కడ పెట్టు."

"నీ ఆకుపచ్చ చీరుంది అందులో."

"ఉండనీ."

బ్యాగును మళ్లీ బల్ల మీద పెట్టి, తాళం వేసుకుని వచ్చేశారు. తాళంచెవి దొరికిన సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. సత్యకుమారిగారికి ఆడమనవరాలు పుట్టిందన్న కబురు మాత్రం చెప్పి, తెచ్చిన స్వీట్ల డబ్బా విప్పి అందరికీ పంచారు. ప్రయాణం తప్పిన ఇంట్లో ఈ పండగేమిటో చంద్రరావుకు అర్థం కాలేదు.

మంగళవారం తెల్లారగానే మామ్మ పంచాంగం పట్టుకుని గుమ్మంలో నిలబడింది. పోలవరం ఉత్తరం. మంగళవారం ఉత్తరానికి శూల.

"నిన్ననే చెబుదామనుకున్నాను, మర్చిపోయాను. ఇప్పుడెలాగే?"

"నేను మొన్న గురువారమే బయల్దేరాను కదా మామ్మా. ఇంకా తిరిగి రాలేదు. మళ్లీ ముహూర్తం ఎందుకు?"

"అది పడమటికి కదే!"

"అవును. పడమటికి వెళ్తూ, దారిలో పోలవరంలో కొన్నాళ్లు ఆగుతున్నాను."

మామ్మ దారం కట్టిన కళ్లజోడు సర్దుకుని పంచాంగం ముందుకీ వెనక్కీ తిప్పింది. ఒకసారి బయల్దేరిన మనిషి ఇంట్లోనే ఉండి, మళ్లీ ఇంకో దిక్కుకు బయల్దేరితే ఏ శూల వర్తిస్తుందో అందులో ఎక్కడా లేదు. "ఏంటోనమ్మా, మీ ప్రయాణాలు నాకు తెలీడం లేదు. క్షేమంగా వెళ్లి రా," అని తలమీద అక్షింతలు వేసింది.

పాలకొల్లు బస్టాండుకు హేమ సాగనంపడానికి వచ్చింది. పోలవరం దారిలో కొవ్వూరు దాకా వెళ్లే బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. నాగదుర్గ కిటికీ పక్కన కూర్చుని చెయ్యి బయటికి చాపింది. హేమ ఆ చేతిని పట్టుకుంది.

"దసరా సెలవులకి వస్తాను. హైదరాబాదు వెళ్దామా?"

"వద్దు."

"మరి ఎప్పుడే?"

"చెప్పను. నువ్వు అడుగుతూ ఉండు."

డ్రైవరు హారను కొట్టాడు. చెయ్యి జారిపోయింది. నాగదుర్గ కిటికీలోంచి తల బయటపెట్టి, బస్సులో జనం తిరిగి చూస్తున్నా లెక్కచేయకుండా గట్టిగా అరిచింది.

"పోనీ వచ్చే వేసవికి?"

హేమ చున్నీతో ఒక కన్ను తుడుచుకుంటూ, వద్దు వద్దని తల అడ్డంగా ఊపింది. కనుమరుగయ్యే దాకా ఊపుతూనే ఉంది. బస్సు బస్టాండు గేటు దాటకముందే నాగదుర్గకు బెంగ పట్టుకుంది.